మల్కాపురము చెంత రెండు సముద్రపుకాకులు

విశాఖపట్టణమునకు చుట్టపుచూపుగా వచ్చినవారిని మనవారు రామకృష్ణా బీచికి కొనిపోవుదురు, కైలాసగిరికి కొనిపోవుదురు, పుణ్యమును కలిసివచ్చునని సింహాచలమునకు కొనిపోవుదురు. మల్కాపురమునకు మాత్రము ఎవ్వరును కొనిపోరు. యారాడ కొండలకును రేవునకును నడుమ ఇరుకుకొనియున్న పేట యది. ఒకవంక ఓడలు కట్టు కర్మాగారము, ఒకవంక నావికాదళమువారి గోడలు, వేరొకవంక చమురు శుద్ధిచేయు కర్మాగారము. రాత్రివేళ పొడవైన గొట్టపుకొనయందు మండుచుండు జ్వాలయే ఆ పేటకు ఆకాశదీపము. సింధియా కూడలినుండి గాజువాకకు పోవు బస్సులో కిటికీప్రక్కన కూర్చుండి చూచువారికి లారీలును, ట్యాంకరులును, క్రిక్కిరిసిన అంగళ్లును తప్ప మరేమియు కానరావు. అయినను కార్తికమునుండి ఫాల్గుణము వరకు అవకాశము దొరికినప్పుడెల్ల మేము ఆ వైపునకే పోవుచుందుము. కారణము పక్షులు.

రేవు కట్టకపూర్వము ఇచ్చట ఉప్పుటేరును, పోటునీరు వచ్చిపోవు చిత్తడినేలయును ఉండెను. బెంగాలు నాగపూరు రైల్వేవారు ఆ బురదను త్రవ్వించి ఓడలు నిలుచునట్లు లోతుచేసిరి. 1933వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డను ప్రభువు ఆ రేవును లాంఛనముగా తెరచెను. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారమునకు పునాదిరాయి వేసిరి. 1948 మార్చి 14వ తేదీన నెహ్రూగారు ‘జల ఉష’ను నీటిలోనికి విడిచిరి. 1957లో కాల్టెక్సువారి చమురు శుద్ధి కర్మాగారము వెలసి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో కలిసిపోయెను. 1997 సెప్టెంబరు 14వ తేదీన ఆ కర్మాగారమున చెలరేగిన మంటలలో సుమారు అరువదిమంది మరణించిరి. ఆనాడు పిల్లలను చంకనిడుకొని కట్టుబట్టలతో కొండవైపునకును, గాజువాకవైపునకును పరుగిడిన తల్లులు ఈ పేటలో నేటికిని ఉన్నారు.

ఇన్ని నిర్మాణములకు చోటిచ్చిన ఆ పాత చిత్తడినేలలో నేడు మిగిలినది మేఘాద్రిగెడ్డ రేవునీటిలో కలియు తావున కొంత బురదయు, దాని యంచున కొన్ని మడచెట్లును మాత్రమే. పాటు తీసినప్పుడు ఆ బురద బయటపడును. అప్పుడు గెడ్డమీది వంతెనపై నిలిచి చూచితిమేని తెల్లని పక్షులు వందలకొలది బారులుతీరి, గాలికి ఎదురుగా ముఖములు పెట్టి నిలిచియుండును. దూరమునుండి చూచువారికి ఎవరో చాకలి తెల్లచీరలు ఆరవేసినట్లుండును. చుట్టునున్న స్థలములలో పెక్కింట కెమెరాలు తీయరాదు గనుక కన్నులతో చూచి మనసున పెట్టుకొనుటయే మార్గము. అది యొకందుకు మేలే. ఫోటో తీయువాని దృష్టి పక్షిమీదకన్న యంత్రముమీదనే హెచ్చుగా నుండును.

వీనినన్నిటిని మన తీరవాసులు సముద్రపుకాకులని యొక్క పేరుననే పిలుతురు. కాకిజాతితో వీనికి చుట్టరికము లేదు. అయినను పేరు పెట్టినవారు తెలివితక్కువవారు కారు. ఎంగిలియనక, ఎత్తుకొనివచ్చినదనక, దొరికినదెల్ల తినుటయందును, ఒకదాని నోటిది మరియొకటి లాగుకొనుటయందును, ఒక్కటి కేకవేయగనే పది మూగుటయందును ఇవి కాకులకు తోబుట్టువులే. కాని శ్రద్ధగా చూడగా ఆ గుంపులో ముఖ్యముగా రెండు జాతులున్నవి. ఒకదానిని గోధుమతల కాకి యనియు, రెండవదానిని నల్లతల కాకి యనియు ఈ వ్యాసమున పిలిచెదము. శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లకు ఇంచుమించు ఇవియే అర్థములు.

ఇచ్చటనే మొదటి చిక్కు వచ్చును. మనకు ఇవి కనబడు శీతకాలమున ఒకదాని తల గోధుమరంగుననుండదు. రెండవదాని తల నల్లగానుండదు. రెండింటి తలలును తెలుపే. చెవియుండవలసిన చోట రెండింటికిని కాటుక అంటినట్లొక మచ్చ. రెండింటి వీపును బూడిదరంగు, కాళ్లును ముక్కును ఎరుపు, ముక్కుకొన నలుపు. కవలపిల్లలకు ఒకే గుడ్డతో చొక్కాలు కుట్టించి వీథిలో విడిచినట్లుండును. అయినను కన్నతల్లి వారిని దూరమునుండియే పోల్చుకొనును గదా! ఆమె చొక్కాను చూడదు. నడకను, చూపును చూచును. మనమును అట్లే చేయవలెను.

మొదట రెక్కను చూడుడు. పక్షి ఎగిరినప్పుడు గోధుమతలదాని రెక్కకొన వెడల్పుగా నల్లగా నుండును. ఆ నలుపులో కొనకు దగ్గరగా తెల్లని చుక్కలు అద్దపుబిళ్లలవలె మెరయును. నల్లతలదాని రెక్క అట్లుండదు. దాని రెక్క ముందంచు పొడుగునను తెల్లని పట్టీ వేసినట్లుండి, నలుపు ఈకల చివరలయందు సన్నని అంచుగా మాత్రమే కనబడును. ఒకటి నల్లని పెద్దకొంగు గల చీర, రెండవది తెల్లచీరకు సన్నని నల్లంచు అని జ్ఞాపకముంచుకొనుడు. రెండవ గుర్తు కన్ను. పెరిగిన గోధుమతల కాకి కంటిపాప చుట్టును పాలిపోయిన లేత పసుపురంగు వలయముండును. అందుచే దాని చూపు కొంచెము కోపిష్ఠి చూపువలె తోచును. నల్లతలదాని కన్ను నల్లగా, సాధువుగా నుండును. గోధుమతలది దేహమున కూడ కొంచెము పెద్దది. మెడ లావు, ముక్కు మందము. రెండును ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు నల్లతలది సుకుమారియగు చెల్లెలివలె నుండును. కాని పిల్లపక్షుల విషయమున కంటిగుర్తు పనికిరాదు. చిన్నతనమున గోధుమతలదానికిని కన్ను నల్లగానే యుండును. అప్పుడు రెక్కయే శరణ్యము.

ఇంక తలరంగు సంగతి. మార్చినెల వచ్చుసరికి ఒక్కొక్క పక్షి తలపై ముసుగువేసికొనినట్లు రంగు దిగుట ప్రారంభించును. అదియే పెండ్లివేషము. వింత యేమనగా, నల్లతల కాకియని పేరుపొందినదాని తల ఆ వేషములో నల్లగానుండక వేయించిన కాఫీగింజ రంగున నుండును. గోధుమతలదానిది అంతకంటె పలుచని గోధుమరంగు. మెడవద్ద ముసుగుయొక్క అంచు మాత్రము ముదురుగా గీతగీసినట్లుండును. నిజముగా బొగ్గువలె నల్లనితల గలది మూడవజాతి యొకటి కలదు. పల్లాసు అను జర్మను శాస్త్రజ్ఞుడు 1773లో వర్ణించిన ఆ పెద్ద సముద్రపుకాకి శీతకాలమున మన కోస్తాకు కొద్దిగా వచ్చుచుండును. పరిమాణమున అది వీనికి తాతవలె నుండును. దానికి చెందవలసిన పేరు మరియొకదానికి పోయినది. మనుష్యులలో మాత్రము ఇట్లు జరుగుటలేదా!

ఒకనాటి ప్రొద్దున మల్కాపురము బజారులో చేపలతట్ట దించుకొని కూర్చున్న వృద్ధురాలొకతెతో ఈ ప్రసంగము తెచ్చితిమి. తట్టలో కవళ్లును, కానాగంతలును ఉన్నవి. “అప్పా, ఆ తెల్లపిట్టలు రెండు రకాలని నీకు తెలుసునా?” అని యడిగితిమి. ఆమె నవ్వి, “రెండని మీరంతే రెండేనేమోనమ్మా. మాకు మాత్రం ఒకటే లెక్క. అయ్యి ఎక్కడ మూగితే అక్కడ సేపున్నట్టు. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆటిని సూసే వల ఏసీవోడు” అనెను. “మరి ఎండకాలములో కనబడవేమి?” అని యడుగగా, “ఏట ఆపీసే రోజులొచ్చేసరికి అయ్యీ ఎల్లిపోతాయి. ఆటికీ సెలవులేనమ్మా” అని చెప్పి, మాటలలో పడి బేరము పోగొట్టుకొను మనిషి కాదు గనుక, “కవళ్లు ఏసీమంతారా?” అని తక్కెడ ఎత్తెను.

ఆమె మాటలో ఎంత సత్యమున్నదో చూడుడు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15వ తేదీనుండి జూను 14వ తేదీ వరకు మరపడవల వేట నిషేధింపబడుచున్నది. ఆ సమయమునకే ఈ పక్షులును తమ గ్రుడ్లకొరకు తీరము విడిచి పోవుచున్నవి. ప్రభుత్వపు పంచాంగమును పక్షుల పంచాంగమును ఇట్లు కలియుట యాదృచ్ఛికమే కావచ్చును. పడవలు కదలని రేవులో పక్షులును లేకపోవుటచే ఆ రెండునెలలును ఏదో ఇంట ఆడపడుచులందరు అత్తవారిండ్లకు పోయినట్లు బోసిగా నుండును.

అవి పోవు అత్తవారిండ్లు రెండును ఒక్కచోట లేవు. ఈ రెండుజాతులకును గల అసలైన భేదము ఇదియే యని మా యభిప్రాయము. రెక్కచుక్కలును, కంటివలయములును దీనిముందు స్వల్పములు. నల్లతల కాకి సంసారము విశాలమైనది. ఐరోపాఖండపు పశ్చిమపుటంచునుండి సైబీరియా మీదుగా కమ్చట్కా వరకు, చెరువులును జమ్ములును ఉన్న పల్లపునేలలన్నియు దానికి పుట్టినిండ్లే. అది దున్నుచున్న నాగలివెంట నడచి వానపాముల నేరుకొనును. సాయంకాలమున గాలిలో రెక్కలచీమలను పట్టుకొనును. పంతొమ్మిదవ శతాబ్ది చివర కఠినములైన చలికాలములలో ఇవి లండను నగరములో థేమ్సునదిపైకి రాగా, వంతెనలపై నిలిచి జనులు వీనికి మేతవేయ నలవాటుపడిరి. ఎక్కడికి పోయినను బ్రతుకనేర్చిన జాతి యిది.

గోధుమతల కాకి యట్టిది కాదు. అది గ్రుడ్లుపెట్టునది మధ్య ఆసియాయందలి ఎత్తైన పీఠభూములమీద మాత్రమే. టిబెట్టు, పామీరు పర్వతభూములు, చైనాలోని చింఘై సరస్సు, మన దేశమున లడఖులోని సో మొరీరి, సో కర్ మొదలగు సరస్సులు దాని పుట్టినిండ్లు. సో మొరీరి సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల యెత్తున నున్నది. చెట్టు మొలవని ఆ చలినేలలో, సరస్సు నడుమనుండు దిబ్బలపై, నీటియంచునగల గడ్డిలో గూడుకట్టి రెండో మూడో గ్రుడ్లు పెట్టును. మల్కాపురమునుండి అచ్చటికి గీతగీచి కొలిచినను సుమారు 1,800 కిలోమీటర్లు. సముద్రమట్టమున చేపపేగులు తిని శీతకాలము గడపిన పక్షి, మనకు నాలుగడుగులు వేసిన ఊపిరాడని చోటికి పోయి పిల్లలను పెంచును.

ఈ గోధుమతల కాకిని శాస్త్రలోకమునకు మొట్టమొదట పరిచయముచేసినవాడు మన తెలుగుదేశమునకు పరిచితుడే. థామస్ జెర్డను అను వైద్యుడు చెన్నపట్టణపు సైన్యములో చేరి, మన దక్షిణదేశమంతయు తిరిగి, 1840లో దీనిని వర్ణించెను. ఆయన నెల్లూరులో సివిలు సర్జనుగా నున్నప్పుడు అచ్చటి యానాదులవలన పశుపక్ష్యాదుల సంగతులు అనేకము తెలిసికొనెను. కడపప్రాంతపు కలివికోడికి ఆంగ్లమున ఆయన పేరే యున్నది. నల్లతల కాకికి మాత్రము 1766లోనే లిన్నేయసు పండితుడు ‘నవ్వునది’ యను అర్థమువచ్చు లాటిను పేరుపెట్టెను. దాని కేక విన్నవారికి ఆ నవ్వు అంత ఇంపైనదిగా తోచదు; గయ్యాళి నవ్వు.

ఆ గయ్యాళి తల్లిగా ఎట్టిదో కనుగొన్నవాడు నికో టిన్‌బర్గెన్ అను శాస్త్రజ్ఞుడు. ఇంగ్లాండు వాయవ్యతీరమున ఇసుకదిబ్బలలో ఈ నల్లతల కాకులు గుంపులుగా గూళ్లుకట్టు చోట ఆయనయు శిష్యులును మకాముచేసి సంవత్సరములతరబడి చూచిరి. పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన పిమ్మట తల్లిగాని తండ్రిగాని పగిలిన పెంకును ముక్కుతో ఎత్తుకొనిపోయి దూరముగా పడవైచి వచ్చుచుండెను. ఇల్లు చిమ్ముకొనుట వంటిదే యని తోచును. కాని ఆయన కొన్ని గ్రుడ్లచెంత పెంకుముక్కలు పెట్టియు, కొన్నిటిచెంత పెట్టకయు పరీక్షింపగా, పెంకున్న గ్రుడ్లనే కాకులును ఇతర శత్రుపక్షులును ఎక్కువగా కనిపెట్టి తినెను. గ్రుడ్డు వెలుపల మట్టిరంగున నుండి నేలలో కలిసిపోవును. పగిలిన పెంకు లోపలితెలుపు మాత్రము దొంగను పిలుచును. అయినచో పిల్ల వెలువడినవెంటనే పెంకును తీసివేయరాదా? తీయదు, ఒకటి రెండు గంటలు ఆగును. పిల్ల తడియారి మెత్తని నూగు లేచువరకు దానిని విడిచి కదలదు. ఏలనగా తడిపిల్లను మ్రింగుటకు పొరుగుగూటి కాకులే కాచుకొనియుండును. దూరపు శత్రువునకు వెరచి త్వరపడవలెనా, పొరుగువారికి వెరచి నిదానింపవలెనా? ఈ రెండు భయములను తూచి ఆ పిట్ట తన కాలమును నిర్ణయించుకొనును. 1962లో వెలువడిన ఈ పరిశోధన నేటికిని పాఠ్యగ్రంథములలో చెప్పబడుచున్నది. 1973లో టిన్‌బర్గెన్‌కు మరి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము వచ్చెను. బాలింతరాలి గదిలోనికి చుట్టములను ఎప్పుడు రానీయవలెనో యని తర్కించుకొను మన పెద్దముత్తైదువలు ఈ పిట్టతో మాటలాడగలిగిన ఎంత బాగుండును!

ఉప్పునీరు త్రాగి ఇవి ఎట్లు బ్రతుకును అని మాతో వచ్చిన బాలికయొకతె ప్రశ్నించినది. మంచి ప్రశ్న. ఈ పక్షుల కన్నులపైభాగమున ఉప్పును వడపోయు గ్రంథులున్నవి. నెత్తురులో చేరిన అధికమైన ఉప్పును అవి తోడి, చిక్కని ఉప్పునీరుగా ముక్కురంధ్రములద్వారా బయటికి పంపును. బురదపై నిలిచిన పక్షి మాటిమాటికి తల విదిలించుట మనము చూతుము. అది జలుబు కాదు, ఉప్పు దులుపుకొనుట.

ఇంక ఈ పక్షులకును స్త్రీలకును గల యొక పాత బాకీని గూర్చి చెప్పకతప్పదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరభాగమున ఐరోపా, అమెరికాల సంపన్నస్త్రీలు టోపీలకు పక్షిరెక్కలును, ఒక్కొక్కప్పుడు పక్షిని పక్షినిగానే తురుముకొనుట నాగరకమై, కొంగలును సముద్రపక్షులును లక్షలకొలది చంపబడెను. వానిని మాన్పించినవారును స్త్రీలే. 1889లో ఇంగ్లాండున మాంచెస్టరుచెంత ఎమిలీ విలియంసను అను గృహిణి తన యింటిలో స్నేహితురాండ్రను కూర్చి, ఈకల టోపీ పెట్టుకొనమని ప్రమాణము చేయించెను. ఆ చిన్నసంఘమే పెరిగి, 1904లో రాజశాసనమును పొంది, నేడు ఆ దేశపు పక్షిసంరక్షణకు పెట్టనికోటయై యున్నది. 1921లో ఈకల దిగుమతిని నిషేధించు చట్టము అచ్చట పుట్టెను. మన దేశమునుండి ఈకల ఎగుమతిని అంతకుముందే, 1902లో, ప్రభుత్వము ఆపివేసెను. మన స్త్రీలు పూలతోడనే తృప్తిపడినందున ఆ పాపములో మనకు భాగము లేదు.

కాని నేటి పాపములు వేరు. సముద్రతీరమునకు షికారువచ్చినవారు కొందరు పిల్లల ముచ్చటకొరకు ఈ పక్షులకు కారపు మిక్చరును, మురుకుముక్కలను విసరుచున్నారు. ఖాళీయైన ప్లాస్టికు సంచిని గాలికి విడుచుచున్నారు. నూనెలో వేగిన ఉప్పుకారము మన యింటి పసివానికి పెట్టము గదా. 1,800 కిలోమీటర్లు ఎగురవలసినదానికి ఏల? దానికి కావలసినది చేప, పురుగు, బురదలోని నత్త. మేము ఎన్నోమారులు చూచితిమి: పాటువేళ బురద బయటపడిననాడు ఈ పక్షులు రోడ్డువైపునకైన రావు. బురద మునిగినప్పుడే అవి చెత్తకుప్పలకడకు పోవును. కాగా, ఆ గెడ్డముఖమున మిగిలిన బురదయు, మడచెట్లును ఎంతకాలముండిన అంతకాలమే ఇవి గౌరవముగా బ్రతుకగలవు. చూపునకు అందములేనిదగుటచే ఆ బురదకు మాటసాయము చేయువారు తక్కువ. ఖాళీగానున్న నేలయనియే అందరును తలంతురు.

అవతలికొనయందును చిక్కులు పుట్టినవి. లడఖు సరస్సులయొద్దకు యాత్రికులు పెరుగగా, విడిదులచుట్టు ఎంగిలికూటిపై వీథికుక్కలు పెరిగి, నేలపై గూడుకట్టు పక్షుల గ్రుడ్లను పిల్లలను తినివేయుచున్నవని అచ్చటివారు మొరపెట్టుచున్నారు. రెండుజాతులలో దేనికిని ఇప్పుడు అంతరించు భయము లేదని శాస్త్రజ్ఞుల మాట. ఆ మాట మాకును ఊరటయే. కాని నల్లతలదానికి ఒక చెరువు ఎండిన మరియొక చెరువు కలదు. గోధుమతలదానికి ఆ కొలదిపాటి సరస్సులే దిక్కు. మేడలు పది గలవానికి ఒక యిల్లు కూలుటయు, ఒక్క పూరిల్లు గలవానికి అది కూలుటయు ఒక్కటి కాదు. మల్కాపురమువద్ద మేము చూచు గుంపులలో ఎక్కువభాగము ఈ రెండవదే.

చూడగోరు సోదరీమణులకు ఒకటి రెండు సూచనలు. జనవరి, ఫిబ్రవరి మాసములు మంచివి. ఉదయము ఎనిమిదింటిలోపల పోవలెను. పాటు ఎప్పుడో ముందుగా తెలిసికొని బయలుదేరిన శ్రమ వృథాకాదు. బైనాక్యులరులు ఉన్న మేలు, లేకున్నను రెక్కకొంగును పోల్చవచ్చును. ఛానలునకు ఆవలిదరినున్న ఫిషింగు హార్బరులో పడవలు తిరిగివచ్చు వేళ ఇవి తలకు తగులునంత దగ్గరగా ఎగురును. ముక్కు మూసికొనగలిగినవారికి అది మరింత సుళువైన చోటు. మార్చి చివర పోయినచో తలముసుగులు సగము దిగిన పక్షులను చూడవచ్చును. ఏప్రిలు నడుమకు గుంపులు ఖాళీయగును. ఇంకను ఈడురాని పిల్లపక్షులు మాత్రము ఒకటి రెండు, పెద్దలవెంట పోక, వేసవియంతయు ఇచ్చటనే యుండిపోవును. కట్టివేసిన మరపడవల తాళ్లపై అవి ఒంటిగా కూర్చుండి యుండును.